పది నిమిషాల లేజర్, దాని ముందూ వెనకా

(హనుమకొండలో కళాశాల విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు ఒక కంటి వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. లాసిక్ లాంటి, అద్దాల సైటు తీసేసే లేజర్ ఆపరేషన్ గురించి ఇవాళ మాట్లాడుకుందాం. ముందుగా రైల్వే సంగతి చెప్పేస్తాను. కాజీపేట జంక్షన్ పక్కన ఉన్నాం కాబట్టి మన పిల్లల్లో చాలామంది ఆర్‌ఆర్‌బీ (రైల్వే నియామక బోర్డు) పరీక్షలకు చదువుతుంటారు. అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు మెడికల్‌లో ఏ-1 ప్రమాణం ఉంటుంది. అద్దాలు లేకుండా రెండు కండ్లకూ 6/6 చూపు రావాలి. లాసిక్ గానీ, సైటు తీసేసే మరే ఆపరేషన్ గానీ చేయించుకున్నవాళ్లు ఆ పోస్టుకు అర్హులు కారని నోటిఫికేషన్‌లోనే రాస్తారు. "చెప్పకపోతే ఎట్లా తెలుస్తది సార్" అని అడుగుతారు. తెలుస్తుంది. కంటి ముందరి పొర అయిన కార్నియాకు మ్యాప్ తీస్తే నడిమి భాగం చదునుగా కనిపిస్తుంది. లాసిక్ అయితే కంటిని పెద్దగా చూపే స్లిట్ ల్యాంప్ యంత్రం కింద, కోసి ఎత్తిన పై పొర (దాన్నే ఫ్లాప్ అంటారు) అంచు సన్నటి గీతలాగా ఏండ్ల తరబడి కనిపిస్తూనే ఉంటుంది. ఆ ఉద్యోగం మీద ఆశ ఉన్న పిల్లలు ఈ ఆపరేషన్ జోలికి పోవద్దు. ఒకసారి చేశాక వెనక్కి తీసుకునే దారి లేదు.

సైన్యంలో, వైమానిక దళంలో పద్ధతి వేరు. చాలా పోస్టులకు లేజర్ చేయించుకున్నవాళ్లను తీసుకుంటారు కానీ షరతులున్నాయి. మామూలుగా 20 ఏండ్లు నిండాకే ఆపరేషన్ జరిగి ఉండాలి, జరిగి 12 నెలలు గడవాలి, ఆపరేషన్ తర్వాత కార్నియా మొత్తం మందం 450 మైక్రాన్లకు తగ్గొద్దు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కంటిగుడ్డు పొడవుకు కూడా హద్దు పెట్టారు. పోలీసు ఉద్యోగమైనా, ఇంకేదైనా, మీరు రాయబోయే పోస్టు నోటిఫికేషన్‌లో కంటిచూపు పేరా ముందు చదవండి. డాక్టరు దగ్గరికి తర్వాత రండి.

ఇప్పుడు అసలు విషయం. నల్లగుడ్డు మీద గడియారం అద్దంలాగా పారదర్శకంగా ఒక పొర ఉంటుంది. అదే కార్నియా. సైటు నంబరును కొలిచేది డయాప్టర్లలోనే; మన కంటికున్న మొత్తం పవర్ దాదాపు 60 డయాప్టర్లు అయితే, అందులో 43 దాకా ఈ పొరదే. లోపలి లెన్సుది మిగతాది. దూరం సరిగ్గా కనిపించని మైనస్ సైటు ఎక్కువమందిలో ఎందుకొస్తుందంటే కంటిగుడ్డు కాస్త పొడవు పెరగడం వల్ల. మామూలు కన్ను 24 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఒక్క మిల్లీమీటరు ఎక్కువైతే చాలు, సుమారు మైనస్ రెండున్నర నుంచి మూడు దాకా సైటు వస్తుంది. వెలుతురు కిరణాలు కంటి వెనక బొమ్మ పడే రెటీనా పొర దాకా రాకముందే ఒకచోట కలుస్తాయి.

లేజర్ ఏం చేస్తుంది? పొడవైన కంటిని పొట్టి చేయదు. ముందున్న కార్నియాను కొద్దిగా చదును చేసి, వెలుతురు ఇంకాస్త వెనక్కి పోయి రెటీనా మీద పడేటట్టు చేస్తుంది. మీ కన్ను పొడవుగానే ఉంటుంది, దాని ముందరి అద్దం మాత్రం మారుతుంది. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. నేను చివర్లో చెప్పే చాలా సంగతులు దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

ఈ పనికి వాడే ఎక్సైమర్ లేజర్ వెనక మన దక్షిణాది మనిషి ఉన్నాడు. మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ అమెరికాలో ఐబీఎం ప్రయోగశాలలో పనిచేసేవారు. 1981 నవంబరులో పండుగ భోజనంలో మిగిలిన టర్కీ కోడి ముక్క తెచ్చి దాని మీద ఈ లేజర్ పెట్టి చూశారు. చుట్టుపక్కల కాల్చకుండా, మాడ్చకుండా, తగిలిన చోట మాత్రమే కండను తీసేసింది. 193 నానోమీటర్ల ఈ అతినీలలోహిత కిరణం ఒక్క దెబ్బకు మైక్రాన్‌లో నాలుగో వంతు మాత్రమే తీస్తుంది.

మీరందరూ అడగాల్సిన లెక్క ఇప్పుడు చెప్తాను. సగటు కార్నియా నడుమ మందం 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. ఆరున్నర మిల్లీమీటర్ల వెడల్పున చదును చేయాలంటే ఒక్కో డయాప్టరుకు సుమారు 14 మైక్రాన్లు తీయాలి. మైనస్ 5 ఉన్నవాళ్లకు 70 మైక్రాన్లు, దాదాపు ఒక వెంట్రుక మందం. లాసిక్‌లో పైన ఎత్తే ఫ్లాప్ 110 మైక్రాన్లనుకుందాం. 540లోంచి 110, 70 తీసేస్తే 360 మిగులుతుంది. అడుగున మిగిలే ఈ భాగమే కంటి లోపలి ఒత్తిడిని మోసేది. ఇది 250 మైక్రాన్ల కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ రావొద్దు. చాలామంది సర్జన్లు 280, 300 దాకా ఉంచుకుంటారు. ఇప్పుడు కార్నియా 490 ఉన్న, మైనస్ 9 సైటున్న పిల్లవాడిని తీసుకోండి. 126 మైక్రాన్లు తీయాలి. 490లోంచి 110, 126 పోతే 254. కాగితం మీద హద్దు దాటలేదు, కానీ నేనైతే చేయను. ఇట్లాంటి కంటికి సహజ లెన్సు ముందు, కంటి లోపల అమర్చే ఐసీఎల్ అనే లెన్సు మేలు. దానికి కంటి లోపల ముందు భాగంలో చోటు ఉండాలి, అదీ కొలిచే చూస్తారు. మీ మందం ఎంత, ఎంత తీస్తారు, ఎంత మిగులుతుంది అని మూడు అంకెలు అడిగి రాసుకోండి. ఆ మూడూ చెప్పలేని చోట కన్ను అప్పగించొద్దు.

ఇక పరీక్షలు. లేజర్ కింద పడుకునేది పది నిమిషాలు, పరీక్షలకు రెండు మూడు గంటలు పడుతుంది. ఆ రెండు మూడు గంటల్లోనే మీ ఆపరేషన్ మంచిదవుతుందా లేదా అన్నది చాలావరకు తేలిపోతుంది.

కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు ముందు వాటిని ఆపాలి. మెత్తటి లెన్సులు వారం నుంచి రెండు వారాలు, గట్టివి మూడు నాలుగు వారాలు. ఉంగరం తీసినా వేలి మీద గుంత కొన్ని రోజులు ఉంటుంది కదా, లెన్సు తీశాక కార్నియా ఆకారమూ అట్లాగే కొన్నాళ్లకు గానీ అసలు రూపానికి రాదు. ఆపకుండా వచ్చి పరీక్ష చేయించుకుంటే తప్పుడు కొలత మీద లేజర్ పడుతుంది. నిన్న రాత్రి కూడా లెన్సు పెట్టుకున్న సంగతి దాచిపెడితే నష్టం మీకే.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష కార్నియా టోపోగ్రఫీ. పెంటాక్యామ్ లాంటి యంత్రం ముందు గదుమ ఆనించి, నుదురు పట్టీకి తాకించి కూర్చుంటారు. నీలం లైటు గుండ్రంగా తిరుగుతుంది, రెండు సెకన్లు రెప్ప కొట్టకుండా చూస్తే సరిపోతుంది. రంగుల పటం వస్తుంది. చదునుగా ఉన్నచోట నీలం, వంపు ఎక్కువున్నచోట ఎరుపు, నడుమ పచ్చ, పసుపు. ఎరుపు కనిపించగానే భయపడక్కర లేదు. నిలువుగా, పైనా కిందా సమానంగా ఉన్న విల్లు ముడి (బో టై) ఆకారం మామూలు సిలిండర్ పవర్, అంటే కార్నియా ఒక దిక్కున ఎక్కువ, ఇంకో దిక్కున తక్కువ వంగి ఉండటం. పైన ఏమీ లేకుండా కింది భాగంలో మాత్రమే ఎర్రటి ముద్ద ఉండి, దాని వెనక పొర కూడా అక్కడే ఉబ్బి, మందం కూడా అక్కడే తక్కువగా ఉంటే మాత్రం కెరటోకోనస్ అనుమానించాలి. కార్నియా పలచబడి కోను మాదిరిగా ముందుకు పొడుచుకొచ్చే జబ్బు అది. అట్లాంటి కంటి మీద లేజర్ పెడితే ఉన్న బలమూ పోతుంది.

మన దగ్గర ఈ జబ్బు విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. ఎండ, దుమ్ము, దురద. చిన్నప్పటి నుంచీ ఎండాకాలం రాగానే కండ్లు ఎర్రబడి, పిడికిలితో నలుపుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. అట్లా ఏండ్ల తరబడి నలపడం కెరటోకోనస్‌కు ఒక ముఖ్యమైన కారణం. తల్లిదండ్రులకు చేతులు జోడించి చెప్తున్నాను, లేజర్ సంగతి పక్కన పెట్టండి, పిల్లలు కండ్లు నలుపుకుంటుంటే అలవాటే కదా అని వదిలేయకండి. చల్లటి నీళ్ల గుడ్డ వేయండి, డాక్టరు రాసిన ఎలర్జీ చుక్కలు వాడండి. సైటు ఆరు నెలలకోసారి మారుతూ, సిలిండర్ పెరుగుతూ ఉంటే అద్దాల దుకాణంలో నంబరు మార్పించుకుంటూ పోకుండా టోపోగ్రఫీ చేయించండి.

మిగతావి తొందరగా చెప్తాను. షిర్మర్ పరీక్షలో కింది రెప్పలో కాగితపు పట్టీ ఐదు నిమిషాలు పెట్టి కన్నీటి తడి కొలుస్తారు. పది మిల్లీమీటర్లు దాటి తడిస్తే నిశ్చింత, ఐదు కూడా తడవకపోతే ముందు పొడి కన్నుకు వైద్యం చేయాలి. కంటిపాప పెద్దయ్యే చుక్కలు వేసి సైటు మళ్లీ చూస్తారు, రెటీనా అంచుల దాకా వెతుకుతారు. ఆ చుక్కలు వేశాక కొన్ని గంటలు దగ్గర చూపు మసకబారుతుంది, ఎండ భరించలేరు. పరీక్ష రోజు బండి మీరు నడపొద్దు, జనగామ నుంచో భూపాలపల్లి నుంచో వచ్చేవాళ్లు వెంట ఒకరిని తెచ్చుకోండి.

వయసు 18 దాటాలి, గడిచిన ఏడాదిలో సైటు అర పాయింటు కంటే ఎక్కువ మారొద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి, ఆ సమయంలో పవర్ మారుతుంది. షుగర్ అదుపులో లేనివాళ్లు, కీళ్లవాతం, లూపస్ లాంటి జబ్బులున్నవాళ్లు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ గోలీలు మింగుతున్నవాళ్లు ముందే చెప్పాలి. ఆ గోలీలు కంటిని బాగా ఎండగొడతాయి.

పద్ధతులు మూడు. లాసిక్‌లో పైన పలచటి మూత లాంటి ఫ్లాప్ కోసి పక్కకు ఎత్తి, కింద ఎక్సైమర్ లేజర్ పెట్టి, మళ్లీ మూసేస్తారు. ఆ ఫ్లాప్‌ను బ్లేడుతో కోయొచ్చు, ఫెమ్టోసెకండ్ లేజర్‌తో కోయొచ్చు. లేజర్‌తో కోసింది మందంలో సమానంగా వస్తుంది. స్మైల్‌లో ఫ్లాప్ ఉండదు. కార్నియా లోపలే చిన్న బిళ్లను లేజర్‌తో గీసి, రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల కోత ద్వారా బయటికి లాగుతారు. దెబ్బ తగిలితే జారడానికి మూత లేదు కాబట్టి కబడ్డీ, కుస్తీ ఆడేవాళ్లకు నయం. చూపు తేరుకోవడానికి మాత్రం లాసిక్ కంటే కొన్ని రోజులు ఎక్కువ పట్టొచ్చు. మూడోది పీఆర్‌కే. పైనున్న 50 మైక్రాన్ల చర్మం లాంటి పొరను తీసేసి నేరుగా కింద లేజర్ పెడతారు. కార్నియా పలచగా ఉన్నవాళ్లకు ఇది పనికొస్తుంది, ఫ్లాప్ బాధ లేదు. కానీ మూడు నాలుగు రోజులు నొప్పి బాగానే ఉంటుంది, పొర మళ్లీ పెరిగే దాకా కంటి మీద కట్టులాగా ఒక మెత్తటి లెన్సు ఉంచుతారు. చూపు పూర్తిగా తేటపడటానికి వారాలు పడుతుంది. ఎండలో నల్లద్దాలు లేకుండా తిరిగితే పొగమంచు లాంటి మసక రావొచ్చు. మన ఏప్రిల్, మే ఎండల్లో పీఆర్‌కే పెట్టుకోకండి అని నా సలహా. ఏది ఖరీదెక్కువో అది మంచిదని కాదు. మీ కార్నియాకు ఏది సరిపోతే అదే మంచిది.

ఆపరేషన్ రోజు. పౌడరు, సెంటు, కాటుక ఏదీ వద్దు. సెంటు ఆవిరి లేజర్ శక్తి మీద ప్రభావం చూపుతుంది. మత్తు సూది ఉండదు, చుక్కల మందే. పడుకోగానే రెప్పలు మూసుకోకుండా చిన్న తీగ క్లిప్పు పెడతారు. "రెప్ప కొడితే ఏమైతది" అన్న భయం అక్కడితో తీరిపోతుంది, కొట్టాలన్నా కొట్టలేరు. తర్వాత కంటి మీద గుండ్రటి రింగు ఆనించి గాలి పీల్చి పట్టి ఉంచుతారు. మొత్తం ఆపరేషన్‌లో ఇబ్బందిగా ఉండేది ఇదొక్కటే. బొటనవేలితో కంటి మీద ఒత్తినట్టు ఉంటుంది, లాసిక్‌లో చూపు కాసేపు చీకటవుతుంది. కరెంటు పోయినట్టు అనిపిస్తుంది కానీ పోదు, రింగు తీయగానే వెలుతురు వచ్చేస్తుంది. ఫ్లాప్ కోయడం అర నిమిషంలోపే. ఈ సమయంలో తల కదిపితే, గట్టిగా రెప్ప బిగిస్తే పట్టు జారిపోవచ్చు. జారితే యంత్రం ఆగిపోతుంది. కొన్నిసార్లు అప్పుడే మళ్లీ పట్టి చేస్తారు, కొన్నిసార్లు వాయిదా వేస్తారు. వాయిదా వేశారంటే డాక్టరుకు చేతకాక కాదు, మీ కన్ను కాపాడటానికి.

తర్వాత ఫ్లాప్ ఎత్తుతారు. ఎదురుగా ఉన్న లైటు నీళ్లలోంచి చూసినట్టు చెదురుతుంది. దానినే చూస్తూ ఉండమంటారు. టకటకమని శబ్దం, వెంట్రుకలు మాడిన వాసన. కన్ను కాలడం లేదు, కార్నియాలోని అణువులు విడిపోయి గాలిలో కలిసే వాసన అది. ఈ మెట్టు పవర్‌ను బట్టి పది సెకన్ల నుంచి అర నిమిషం దాకా. కన్ను కొంచెం కదిలినా ట్రాకర్ వెంబడిస్తుంది, ఎక్కువ కదిలితే లేజర్ దానంతట అదే ఆగుతుంది. చివర్లో ఫ్లాప్ కింద ఉప్పునీటితో కడిగి, మూసి, సమంగా సర్ది, ఒకటి రెండు నిమిషాలు ఆరనిస్తారు. కుట్లు ఉండవు. లేచి గోడ గడియారం చూస్తే మంచులోంచి చూసినట్టు కనిపిస్తుంది.

ఇంటికి పోయాక నాలుగు నుంచి ఆరు గంటలు ఉల్లిగడ్డ కోసినట్టు మంట, నీళ్లు. డాక్టరు రాసిన నొప్పి గోలీ వేసుకుని నిద్రపోవడమే మందు. లేచేసరికి లాసిక్‌లో చాలామందికి చూపు తేటగా ఉంటుంది. ప్రమాదం ఇక్కడే ఉంది. అంతా బాగైందని మరుసటి రోజు చెకప్‌కు రారు. ఫ్లాప్ కింద ఇసుక చల్లినట్టు వచ్చే వాపు మొదటి మూడు రోజుల్లోనే మొదలవుతుంది. అప్పుడు నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు, యంత్రం కింద చూస్తేనే తెలుస్తుంది. ఆ రోజే పట్టుకుంటే గంట గంటకూ వేసే స్టెరాయిడ్ చుక్కలతో తగ్గుతుంది, వదిలేస్తే మచ్చ మిగులుతుంది. మరుసటి రోజు, వారానికి, నెలకు, మూడు నెలలకు, ఈ నాలుగు చెకప్‌లు తప్పొద్దు.

యాంటీబయోటిక్ చుక్కలు వారం, స్టెరాయిడ్ చుక్కలు డాక్టరు చెప్పిన లెక్కన తగ్గించుకుంటూ, కన్నీటి చుక్కలు మూడు నెలలు. రెండు మందుల నడుమ ఐదు నిమిషాలు ఆగండి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. పడుకునేటప్పుడు కంటికి ప్లాస్టిక్ మూత వారం రోజులు. నిద్రలో చెయ్యి కంటి మీదికి పోయి ఫ్లాప్ ముడత పడుతుందని. తలస్నానం వారం ఆపండి, మెడ కింద నుంచే స్నానం. కాటుక రెండు వారాలు, ఈత ఒక నెల వద్దు. మేడారం జాతర ఏడాదిలో మాఘమాసం ముందు ఆపరేషన్ పెట్టుకునేవాళ్లు ఆలోచించుకోండి. జంపన్నవాగులో మునగడం, ఆ దుమ్ము, రెండూ ఆ నెలలో పనికిరావు. హోలీకి ముందూ అంతే. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల నడుమ పనిచేసేవాళ్లు, కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో ఉండేవాళ్లు సీజను లేని రోజులు చూసుకుని రావాలి, తిరిగి పనికి పోయేటప్పుడు పక్కలు మూసిన అద్దాలు పెట్టుకోవాలి. బండి మీద పోతే ఎప్పటికీ హెల్మెట్ అద్దం దించుకునే పోవాలి. మంట ఆగకుండా పెరుగుతున్నా, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా, దెబ్బ తగిలినా "రేపు చూద్దాం" అనొద్దు, ఆ రోజే రావాలి.

అందరికీ ఎంతో కొంత వచ్చే ఇబ్బంది పొడి కన్ను. కార్నియాలోని సన్నటి నరాలు కోతలో తెగుతాయి, కన్ను ఎండిందన్న కబురు సరిగ్గా అందక కన్నీరు తగ్గుతుంది. నరాలు మళ్లీ పెరగడానికి మూడు నుంచి ఆరు నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ. రాత్రి ఎదుటి బండి లైటు చుట్టూ వలయాలు కూడా మొదటి నెలల్లో మామూలే. కంటిపాప పెద్దగా ఉన్నవాళ్లకు, పవర్ ఎక్కువున్నవాళ్లకు ఎక్కువ. రాత్రిపూట లారీ, ట్యాక్సీ నడిపి బతికేవాళ్లు ఈ మాట విని నిర్ణయించుకోవాలి. కొందరికి అర పాయింటో, ముప్పావో మిగిలిపోతుంది. పవర్ నిలబడ్డాక, అడుగున మందం ఉంటే, మళ్లీ చేయొచ్చు. దానికి డబ్బు వేరే కట్టాలా అన్నది మొదటి రోజే కాగితం మీద రాయించుకోండి. హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీలు 7.5 డయాప్టర్ల కంటే తక్కువ సైటుకు ఈ ఆపరేషన్ ఖర్చు ఇవ్వవు, అదీ ముందే తెలుసుకోండి.

అన్నిటికంటే భయపడాల్సింది ఎక్టేషియా. మిగిలిన పొర ఒత్తిడి మోయలేక నెలలకో ఏండ్లకో ముందుకు ఉబ్బడం. అరుదే, కానీ వస్తే చూపు చెడుతుంది, కార్నియాను గట్టిపరిచే క్రాస్‌లింకింగ్ అనే చికిత్స చేసి ఆపాల్సి వస్తుంది. ఇందాక చెప్పిన లెక్కలూ, రంగుల పటమూ దీన్ని ముందే పసిగట్టడానికే.

ఇప్పుడు తల్లిదండ్రుల వైపు తిరుగుతాను. నలభై దాటినవాళ్లు చాలామంది అడుగుతారు, లేజర్‌తో చత్వారం పోతుందా అని. చత్వారం లోపలి లెన్సు గట్టిపడటం వల్ల వస్తుంది, కార్నియాను చదును చేస్తే పోదు. పైగా మైనస్ 2 ఉన్న 45 ఏండ్ల మనిషి ఇప్పుడు అద్దాలు తీసి హాయిగా పేపరు చదువుతున్నాడు. దూరం సరిచేస్తే ఆ వసతి పోయి, చదివే అద్దాలు కొత్తగా వస్తాయి. ఒక కన్ను దూరానికి, ఒక కన్ను దగ్గరికి ఉంచే పద్ధతి ఉంది. దాన్ని ముందు కాంటాక్ట్ లెన్సులతో కొన్ని రోజులు వాడి చూసుకున్నాకే ఒప్పుకోండి.

కన్ను పొడవుగానే ఉంటుందని మొదట్లో చెప్పాను. మైనస్ ఎక్కువున్న కంటికి వెనక రెటీనా సాగి పలచగా ఉంటుంది, చిల్లులు పడే ప్రమాదం లేజర్ తర్వాత కూడా అంతే ఉంటుంది. అద్దాలు పోయాయని కంటి డాక్టరును మర్చిపోవద్దు. ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోండి. కంట్లో మెరుపులు, ఒక్కసారిగా నల్ల చుక్కల వాన, పక్క నుంచి తెర దిగినట్టు ఉంటే ఆ రోజే.

కార్నియా పలచబడింది కాబట్టి కంటి ఒత్తిడి కొలిచినప్పుడు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. లేజర్ అయిందని చెప్పకపోతే నీటికాసులు, అంటే గ్లకోమా, దొరక్కుండా పోవచ్చు. అరవై ఏండ్లకు మోతిబిందు వచ్చినప్పుడు లోపల పెట్టే లెన్సు పవర్ లెక్క కూడా కార్నియా వంపు మీదే కడతారు. వంపు మారిన కంటికి మామూలు సూత్రం వాడితే లెన్సు తప్పుతుంది, ప్లస్ సైటు మిగిలిపోతుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు మీ పవర్, కార్నియా వంపు కొలత, మందం, ఎన్ని మైక్రాన్లు తీశారు, రంగుల పటం ప్రింటు, అన్నీ ఆసుపత్రి నుంచి అడిగి తీసుకోండి. ఫోన్లో ఫొటో సరిపోదు, పదేండ్లలో నాలుగు ఫోన్లు మారతాయి. ఇంట్లో పట్టాదారు పాసుపుస్తకం ఎక్కడ పెడతారో ఆ ఫైలు అక్కడే పెట్టండి, ఎందుకు దాచారో పైన తెలుగులో రాయండి.